లేని పడవలను చూపే రాడార్

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. వెనకే పడిన వానకు వంశధార, మహేంద్రతనయ, బాహుదా పొంగాయి. ఏ ఊరు నీళ్లలో ఉంది, ఏ దారి తెగింది అని అధికారులు ఆరా తీయాలన్నా అడగడానికి ఫోను లేదు, వెళ్లడానికి దారి లేదు. అలాంటి పూట ఆకాశం నుంచి మామూలు కెమెరాతో ఫొటో తీస్తే కనిపించేది మబ్బు ఒక్కటే.

ఆ మబ్బును దాటి, రాత్రి చీకటిని దాటి నేలను చూడగలిగిన యంత్రం ఒకటుంది. దాని పేరు సింథటిక్ అపెర్చర్ రాడార్, క్లుప్తంగా ఎస్‌ఏఆర్. వరద ఎక్కడిదాకా వచ్చిందో గీసిచూపే పటాలకు ఇవాళ ఇదే ఆధారం. అయితే ఈ యంత్రం ఉన్నదాన్ని చూపడంతో ఆగదు. ఒక్కోసారి లేనిదాన్ని కూడా చూపిస్తుంది. పడవ లేని చోట పడవ, ఇల్లు లేని నీటి మీద ఇళ్ల వరస కనిపిస్తాయి. ఈ మాయబింబాలు యంత్రం చెడిపోతే పుట్టినవి కావు. అది ఏ ఉపాయం మీద బతుకుతోందో ఆ ఉపాయంలోంచే పుట్టాయి. అందుకే వీటి కథ చెప్పాలంటే యంత్రం పుట్టుక నుంచే మొదలుపెట్టాలి.

పొడవును అరువు తెచ్చుకున్న యాంటెన్నా

రాడార్ పల్సు పంపుతుంది, తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వింటుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి దూరం చెబుతుంది. దూరం సంగతి ఇలా తేలిపోతుంది. చిక్కంతా రెండో దిక్కులో ఉంది. విమానం గానీ ఉపగ్రహం గానీ సాగే దారి వెంబడి, రాడార్ కిరణం ఎంత వెడల్పున పడితే అంత మేరలో ఉన్నవన్నీ కలగాపులగమై ఒకే చుక్కగా వస్తాయి.

ఐరోపా వారి సెంటినెల్-1 ఉపగ్రహాన్నే తీసుకుందాం. దాని యాంటెన్నా పొడవు 12.3 మీటర్లు, తరంగదైర్ఘ్యం సుమారు 5.5 సెంటీమీటర్లు. వాలుగా 850 కిలోమీటర్ల దూరంలో ఉన్న నేల మీద దాని కిరణం పడే వెడల్పు 3.8 కిలోమీటర్లు. అంటే కళింగపట్నం లైట్‌హౌసు, పక్కనున్న ఊరు, వంశధార సంగమం అన్నీ కలిసి ఒక్క మసక చుక్క. అయిదు మీటర్ల వివరం కావాలంటే తొమ్మిది కిలోమీటర్లకు పైగా పొడవున్న యాంటెన్నా కావాలి. అంత పొడవైనదాన్ని ఎవరు కట్టగలరు, ఏ రాకెట్ మోయగలదు?

1951 జూన్‌లో అమెరికాలో గుడ్‌ఇయర్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో పనిచేస్తున్న కార్ల్ వైలీ అనే ఇంజనీరుకు దీనికి దారి దొరికింది. రాడార్ కదులుతూ ఉంటుంది కదా. కిరణంలో ముందువైపున్న వస్తువు దగ్గరవుతూ ఉంటుంది, కాబట్టి దాని ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ కాస్త పెరుగుతుంది. వెనకవైపున్నది దూరమవుతూ ఉంటుంది, దాని ఫ్రీక్వెన్సీ కాస్త తగ్గుతుంది. ఈ చిన్న తేడాను పట్టుకుంటే, ఒకే కిరణంలో ఉన్నా ఏది ముందు, ఏది వెనక అని విడదీయవచ్చు. ఇదే సంగతిని ఇంకోలా చెప్పవచ్చు. చిన్న యాంటెన్నా దారి పొడవునా ఒక్కోచోట నుంచి విన్నదంతా దాచిపెట్టి, తర్వాత కలిపి లెక్క కడితే, ఆ దారంత పొడవైన యాంటెన్నా విన్నట్టే. వైలీ 1954లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అది 1965లో గానీ మంజూరు కాలేదు.

ఉపాయం సరే, అంత లెక్క కట్టగల కంప్యూటర్లు ఆ రోజుల్లో లేవు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఎమెట్ లీత్, లూయీ కుట్రోనా బృందం ప్రతిధ్వనులను ఫిల్ము మీదకు ఎక్కించింది. ఆ ఫిల్ముగుండా కాంతిని పంపి, కటకాల చేత లెక్క కట్టించింది. 1957లో మంచి చిత్రాలు వచ్చాయి. ఈ పనిలో నుంచే లీత్ హోలోగ్రఫీ వైపు నడిచాడు. 1978 జూన్‌లో అమెరికా పంపిన సీశాట్ సముద్రాల మీద ఈ రాడార్‌ను తిప్పి చూపించింది. అది పనిచేసింది 105 రోజులే, కానీ ఆ తర్వాత వచ్చిన ఎస్‌ఏఆర్ ఉపగ్రహాలన్నిటికీ అదే తొలి పాఠం. ఆ ఏడాదే కెనడాలోని మెక్‌డొనాల్డ్ డెట్‌విలర్ సంస్థ సీశాట్ ప్రతిధ్వనులను కటకాలు లేకుండా కంప్యూటర్‌తోనే చిత్రంగా మార్చింది.

మాయబింబం ఎక్కడ పుడుతుంది

పాత సినిమాల్లో జట్కాబండి వేగం అందుకుంటుంటే చక్రం ఆకులు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. కెమెరా చక్రాన్ని ఎడతెగకుండా చూడదు, సెకనుకు 24 సార్లే చూస్తుంది. రెండు చూపుల మధ్య ఆకు ఎంత తిరిగిందో దానికి తెలియదు. దగ్గరి దారి ఏదో అదే జరిగిందనుకుంటుంది. రాడార్ చేసే పొరపాటు కూడా అచ్చం ఇదే. అది కూడా ఎడతెగకుండా వినదు, పల్సు పల్సుకీ మాత్రమే వింటుంది. సెకనుకు 1,700 పల్సులు పంపే రాడార్‌కు, సరిగ్గా 1,700 హెర్ట్‌జ్ తేడా ఉన్న రెండు ఫ్రీక్వెన్సీలు ఒకటిగానే వినిపిస్తాయి.

కిరణం అంచులు కత్తితో కోసినట్టు ఉంటే ఈ బెడద ఉండేది కాదు. ఏ యాంటెన్నాకైనా అసలు కిరణానికి అటూ ఇటూ పలచగా మరికొంత వెలుగు పారుతూనే ఉంటుంది. ఆ పక్క వెలుగులో ఒక ఉక్కు ఓడ ఉందనుకోండి. దాని ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ 1,700 హెర్ట్‌జ్ ఎక్కువగా వస్తుంది. కంప్యూటర్ అది కిరణం నడుమ నుంచి వచ్చిందనుకుని, ఆ ఓడను తీసుకెళ్లి ఇంకెక్కడో పెడుతుంది.

ఎక్కడ పెడుతుందో కూడా లెక్క కట్టవచ్చు. తరంగదైర్ఘ్యాన్ని దూరంతోనూ, సెకనుకు పల్సుల సంఖ్యతోనూ హెచ్చించి, ఉపగ్రహ వేగానికి రెట్టింపుతో భాగించాలి. 0.0555 మీటర్లు, 8,50,000 మీటర్లు, 1,700 పల్సులు, సెకనుకు 7,500 మీటర్ల వేగం. జవాబు సుమారు 5.3 కిలోమీటర్లు. ఉపగ్రహం సాగే దారి వెంబడి ముందుకొకటి, వెనక్కొకటి, అసలు ఓడకు రెండు మాయబింబాలు.

ఈ బింబం బలం అసలు బింబంలో వందో వంతో, మూడువందలో వంతో ఉంటుంది. అంత తక్కువైతే కనిపించకూడదు కదా అనిపిస్తుంది. కానీ ఉక్కు ఓడ నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని, ప్రశాంతంగా ఉన్న సముద్రం నుంచి వచ్చేదానికి వెయ్యి రెట్లు, ఒక్కోసారి పదివేల రెట్లు ఉంటుంది. వెయ్యిలో వందో వంతు తీసినా సముద్రం కంటే పది రెట్ల వెలుగే. విశాఖ నుంచి పారదీప్ వైపు సాగే సరుకు ఓడ ఒకటి మన తీరం ఎదుట కనిపిస్తే, దానికి అయిదు కిలోమీటర్లకు పైగా దూరంలో అవతల ఒక చిన్న పడవ, ఇవతల మరో చిన్న పడవ వెలగవచ్చు. వేటకు వెళ్లిన బోట్లనుకుని లెక్కలో వేసుకుంటే తప్పు ఒకటికి రెండు.

మన తీరం తీరును చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. ఎస్‌ఏఆర్ ఉపగ్రహాలు ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా తిరుగుతాయి. కాబట్టి ఒడ్డున ఉన్న కట్టడానికి ఉత్తరం వైపు మాయబింబం నేల మీద పడుతుంది. పంటచేలు, చెట్లు, ఇళ్ల వెలుగులో అది కలిసిపోతుంది, ఎవరి కంటా పడదు. దక్షిణం వైపుది మాత్రం సముద్రం మీద పడి వెలుగుతుంది. వరద వచ్చినప్పుడు ఉత్తరం వైపుది కూడా బయటపడుతుంది. రాడార్‌కు నిలిచిన నీరు నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు మీద ఎక్కడిదో రేకుల షెడ్ల వరస మసకగా పడితే, మునిగిన పొలం మునగనట్టు కనిపిస్తుంది. వరద పటం గీసేవారు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

అటు తగ్గిస్తే ఇటు పెరుగుతుంది

పల్సుల సంఖ్య పెంచేస్తే సరిపోదా? పెంచితే మాయబింబాలు దూరంగా జరుగుతాయి, బలం కూడా తగ్గుతుంది. కానీ మరోవైపు నష్టం వస్తుంది. సెకనుకు 1,700 పల్సులంటే రెండు పల్సుల మధ్య 588 మైక్రోసెకన్ల వ్యవధి. ఆ వ్యవధిలో తరంగం వెళ్లి తిరిగిరాగలిగేది వాలు దూరంలో 88 కిలోమీటర్ల మేరకే. ఆ మేరను మించిన నేలను ఒకేసారి చూస్తే ఒక పల్సు ప్రతిధ్వని మరో పల్సు ప్రతిధ్వని మీద పడి ఇంకో రకం మాయబింబాలు పుడతాయి. పల్సులు పెంచినకొద్దీ చూడగలిగే పట్టీ సన్నబడుతుంది.

కింది హద్దు కూడా ఉంది. ఉపగ్రహం తన యాంటెన్నాలో సగం పొడవు కదిలేలోగా కనీసం ఒక పల్సు పంపాలి. ఇలా ఒకవైపు హద్దు, మరోవైపు హద్దు మధ్య ఇరుక్కున్న యంత్రం ఇది. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన లి, జాన్సన్ 1983లో ఉపగ్రహ ఎస్‌ఏఆర్‌లో ఈ బింబాల లెక్కను ఒక పరిశోధన పత్రంలో పెట్టారు. తర్వాత వచ్చిన ప్రతి ఉపగ్రహాన్నీ ఆ లెక్కతో బేరమాడుకునే తయారుచేశారు.

బేరంలో మిగిలిపోయిన మాయబింబాలను కంప్యూటర్ దశలో తగ్గించే పని 1990ల నుంచి ఊపందుకుంది. అన్నిటికంటే సులువైనది, ఫ్రీక్వెన్సీ పట్టీలో అంచులను కత్తిరించేయడం. మాయ ప్రతిధ్వనులు ఎక్కువగా చేరేది ఆ అంచుల్లోనే కాబట్టి అవి తగ్గుతాయి. కానీ వివరం కూడా తగ్గుతుంది. 1993లో అల్బెర్టో మొరైరా, 2005లో ఆంద్రేయా మోంటీ గ్వార్నియేరి ఇంతకంటే నేర్పైన వడపోతలు చూపించారు. మోంటీ గ్వార్నియేరి పద్ధతి చిత్రంలో ఒక్కోచోట ఏ ఫ్రీక్వెన్సీ భాగం కలుషితమైందో, ఏది శుభ్రంగా ఉందో చూసుకుని, శుభ్రమైనదానికి ఎక్కువ విలువనిస్తుంది.

ఈ వరసలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది 2007లో కెనడాకు చెందిన చెన్ లియు, క్రిస్టోఫ్ గీరుల్ చూపిన ఉపాయం. కొన్ని రాడార్లు ఒక పల్సును అడ్డంగా కంపించే తరంగంతోనూ, తర్వాతి పల్సును నిలువుగా కంపించేదానితోనూ పంపుతాయి. అడ్డంగా పంపి నిలువుగా విన్న చిత్రం, నిలువుగా పంపి అడ్డంగా విన్న చిత్రం అసలు వస్తువు విషయంలో ఒకేలా ఉంటాయి. అది ప్రకృతి ధర్మం. మాయబింబం విషయంలో మాత్రం, రెండిటి మధ్య ఒక పల్సు తేడా ఉండడం వల్ల, ఒకటి ఎదురు తిరిగి వస్తుంది. రెండు చిత్రాలను కలిపితే అసలు పడవ రెట్టింపవుతుంది, మాయపడవ తనను తానే కొట్టేసుకుంటుంది. వడపోత లేదు, వివరం పోవడం లేదు. ఒక్క కూడికతో పని అయిపోతుంది. కాకపోతే నాలుగు రకాల కంపనాలనూ నమోదు చేసే చిత్రాలకే ఇది వర్తిస్తుంది. అలా తీసిన చిత్రం పట్టీ సన్నగా ఉంటుంది.

జర్మనీ పరిశోధకులు విల్లానో, క్రీగర్, మొరైరా మరో దారి తొక్కారు. పల్సుల మధ్య వ్యవధిని సమానంగా ఉంచకుండా మార్చుతూ పోతే, మాయబింబం ఒకచోట గుమిగూడకుండా పలచబడి చెదిరిపోతుంది. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులు కూడా రంగంలోకి వచ్చాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మన తీరంలో వేటాడే ఫైబర్ పడవ ఉక్కు ఓడలా వెలగదు. ఫైబర్ నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని బలహీనం, ఇంజను ఇనుము వల్ల మాత్రమే కాస్త చుక్క పడుతుంది. ఆ చుక్క వెలుగు, పెద్ద ఓడ మాయబింబం వెలుగు ఇంచుమించు ఒకటే. వడపోత మరీ పదునైతే మాయబింబంతోపాటు అసలు పడవనూ తుడిచేస్తుంది. తుఫాను తర్వాత గాలింపు జరుగుతున్నప్పుడు లేని పడవ కోసం ఒకసారి వెళ్లి రావడం నష్టమే. ఉన్న పడవను లేదనుకోవడం దానితో పోల్చలేని నష్టం. అందువల్ల గాలింపు చిత్రాల్లో అనుమానం ఉన్న చుక్కను చెరిపేయకూడదు. దాని పక్కన గుర్తుపెట్టి, ఫలానా ఓడకు ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, మాయబింబం కావచ్చు అని రాసి పంపాలి.

మాయబింబాలకు చుట్టాలు

స్థానం తప్పి కనిపించేవన్నీ ఈ కోవకు చెందినవి కావు. కదిలే వస్తువుకు వేరే చిక్కుంది. విజయనగరం, పలాస మధ్య గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ఉపగ్రహం చూసే దిక్కులో కూడా కొంత కదులుతుంది. ఆ కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారి, చిత్రంలో రైలు పట్టాలకు సుమారు కిలోమీటరున్నర దూరంలో, పొలాల్లో కనిపిస్తుంది. ఇది రెండో బింబం కాదు. ఉన్నదే ఒక్కటి, అది చోటు మారింది.

వంతెనల సంగతి ఇంకో రకం. జాతీయ రహదారి మీద మడపాం దగ్గర వంశధారను దాటే వంతెనలాంటిది నిండు నీటి మీద ఉన్నప్పుడు, ఒక కిరణం వంతెనకు తగిలి నేరుగా తిరిగొస్తుంది. ఇంకొకటి వంతెనకూ నీటికీ తగిలి వస్తుంది. మూడోది నీటి నుంచి వంతెనకు, వంతెన నుంచి మళ్లీ నీటికి తగిలి వస్తుంది. దారి పొడవు పెరిగినకొద్దీ ఆలస్యం పెరుగుతుంది కాబట్టి, మీటరు వివరం చూపే రాడార్లలో ఒక వంతెన మూడు గీతలుగా కనిపిస్తుంది. గీతల మధ్య ఎడం నీటిపై వంతెన ఎత్తును బట్టి ఉంటుంది. నీరు పెరిగితే గీతలు దగ్గరవుతాయి. ఈ బింబాలను చెరిపేసే బదులు కొలిస్తే నదిలో నీటిమట్టం చెప్పవచ్చు.

మన రాడార్లు, మన తీరం

భారతదేశం సొంతంగా తయారుచేసిన తొలి ఎస్‌ఏఆర్ ఉపగ్రహం రీశాట్-1. 1,858 కిలోల ఈ ఉపగ్రహాన్ని 2012 ఏప్రిల్ 26న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి19 మోసుకెళ్లింది. దాని యాంటెన్నా పొడవు 6 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుఫాన్లు ఉత్తరాంధ్రను కుదిపినప్పుడు అది కక్ష్యలో పనిచేస్తోంది. తిత్లీ నాటికి దాని పని ముగిసిపోయింది. అప్పుడు సెంటినెల్-1 జంట వంటి విదేశీ ఉపగ్రహాల మీదే ఎక్కువగా ఆధారపడాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరి 14న ఈఓఎస్-04తో ఆ లోటు తీరింది. మన ఉపగ్రహాల చిత్రాలను షాద్‌నగర్‌లో అందుకుని వరద పటాలుగా మార్చేది హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం.

2025 జులై 30న శ్రీహరికోట నుంచే ఇస్రో, నాసా కలిసి తయారుచేసిన నిసార్ ఎగిరింది. 12 మీటర్ల వల గొడుగులాంటి యాంటెన్నా, 24 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎల్-బ్యాండ్ రాడార్, దానికి తోడు ఎస్-బ్యాండ్ రాడార్, 240 కిలోమీటర్లకు పైబడిన పట్టీ, 12 రోజులకొకసారి అదే చోటికి రాక. ఎల్-బ్యాండ్ కొబ్బరి, జీడి ఆకుల గుబురును దాటి కిందికి దిగగలదు కాబట్టి తోటల్లో నిలిచిన నీటిని కూడా పట్టగలదు. ఉద్దానానికి ఇది పెద్ద వరం. ఇంత వెడల్పు సాధ్యమైంది కూడా పాత బేరాన్ని కొత్తగా ఆడినందువల్లే. తిరిగొచ్చే ప్రతిధ్వని వెంట వినే దిక్కును క్షణక్షణం జరుపుతూ, అనేక రిసీవర్లతో విడివిడిగా వింటుంది.

కానీ పైన చెప్పిన లెక్కను మరోసారి చూడండి. తరంగదైర్ఘ్యం పెరిగితే మాయబింబం దూరం కూడా పెరుగుతుంది. 5.5 సెంటీమీటర్ల దగ్గర 5.3 కిలోమీటర్లయితే, 24 సెంటీమీటర్ల దగ్గర, పల్సుల సంఖ్య అదే స్థాయిలో ఉంటే, ఇరవై నుంచి ఇరవై అయిదు కిలోమీటర్లు. ఉపగ్రహం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగేటప్పుడు దాని దారి కాస్త పడమరకు వాలి ఉంటుంది. ఆ గీత మీద విజయనగరం పట్టణం నుంచి దక్షిణానికి ఇరవై అయిదు కిలోమీటర్లు కొలిస్తే ఇంచుమించు భీమిలి తీరానికి చేరతాం. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న పట్టణం తాలూకు మాయబింబం పడే చోటు కడలి అంచున ఉందన్నమాట. అది ఎంత బలంగా పడుతుందన్నది యాంటెన్నా నాణ్యతను బట్టి ఉంటుంది. ఎక్కడ పడుతుందో మాత్రం ఇంట్లో కూర్చుని కాగితం మీదే చెప్పవచ్చు.

ఈ సౌలభ్యాన్ని మనం వాడుకోవాలి. సెంటినెల్-1 చిత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, నిసార్ డేటా కూడా అందరికీ అందుబాటులో ఉండేదే. విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. అక్కడి విద్యార్థులు ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం వెంబడి రాడార్‌కు బాగా వెలిగే కట్టడాలన్నిటినీ జాబితా వేయగలరు. ఒక్కో ఉపగ్రహానికి, ఒక్కో దారికి ఆ కట్టడాల మాయబింబాలు ఎక్కడ పడతాయో లెక్క కట్టగలరు. సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజు చిత్రంతో సరిపోల్చి చూడగలరు. ఏ చుక్క పడవో, ఏ చుక్క కాదో వేటకు వెళ్లి వచ్చినవారినే అడిగి నిర్ధారించుకోగలరు. అలా తయారైన పట్టిక జిల్లా విపత్తు కార్యాలయంలో ఉంటే, తుఫాను రాత్రి వచ్చిన చిత్రాన్ని చదివేవారికి నిమిషాల్లో అనుమానాలు తీరతాయి, పడవలు వెళ్లాల్సిన చోటికే వెళతాయి. ఈ పని మొదలుపెట్టడానికి మరో తుఫాను దాకా ఆగాల్సిన అవసరం లేదు.